పొలిమేర దాటి వచ్చిన పేరు

హవల్దార్ తన జన్మలో తుపాకీ పట్టలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే పేరు వినగానే మెలితిప్పిన మీసాలూ, కిర్రుమనే బూట్లూ, చొక్కా చేతికి మూడు చారలూ మీ కళ్ల ముందు నిలబడతాయి. ఆ మనిషికి ఉన్నవి ఒక గోచి, ఒక గొడ్డలి, కావడి మోసి మోసి కాయ కట్టిన కుడి భుజం. బస్తరు రాజ్యంలో కోంట తహసీలు కింద, గొల్లపల్లికి ఒక పూట నడక దూరంలో పాతిక గడపల దొర్ల జాతి గూడెం అతని ఊరు. ఆ గూడెం నుంచి పోలీసులోకి గాని పటాలంలోకి గాని వెళ్లినవాడు ఒక్కడూ లేడు. పోలీసులు వస్తున్నారంటే అడవిలోకి వెళ్లినవాళ్లు మాత్రం అందరూ.

మరి ఆ పేరు ఎలా వచ్చిందంటే, కాళ్లతో నడిచి వచ్చింది.

ఆ గూడెంలో పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. ఇంట్లో పురుడు వచ్చిన రోజున, పొద్దు గుంకేలోపు, పొలిమేర రాయి దాటి బయటి మనిషి ఎవరైనా ఊళ్లో అడుగు పెడితే ఆ మనిషి పేరే పిల్లకు పెట్టాలి. పేరు తెలియకపోతే అతని పని పేరు పెట్టాలి. బయటివాడు ఆ రోజే వచ్చాడంటే ఊరికే రాలేదనీ, పోయిన పెద్దలే తోసి పంపారనీ వాళ్ల నమ్మకం. ఆ లెక్కన ఊళ్లో కోమటి అని ఒక ముసలాయన ఉండేవాడు. పుట్టినప్పటి నుంచి ఒక్క వస్తువూ అమ్మి ఎరగడు. జంగ్లాతు, అంటే అడవి శాఖవాడు, అని మరొకడు. జంగ్లాతు వాళ్ల కళ్లుగప్పి టేకు దుంగలు కొట్టుకొచ్చినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరూ కొట్టలేదు. ఇక, ఆ రోజు ఎవరూ రాకపోతే, వచ్చే విత్తనాల పండగ లోపు ఆ ఇంట్లో పోయినవాళ్లలో ఒకరి పేరు పెడతారు. పోయినవాళ్లు ఆ పేరు పట్టుకుని ఇంట్లోకి తిరిగి వస్తారు. పిలిస్తే పలుకుతారు.

మాసేకు నొప్పులు వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎవరో అధికారి సామాను కోంటకు చేర్చాలని, మోసే మనుషుల కోసం రాజ్యం పోలీసు హవల్దారు ఒకడు నలుగురు సిపాయిలను వెంటేసుకుని గూడెంలోకి వచ్చాడు. గూడెం గూడెమంతా కాలికి బుద్ధి చెప్పింది. మాసే మొగుడు హుంగా మాత్రం కదల్లేదు. పురిటి పాక బయట కూర్చున్నాడు. నొప్పులు పడుతున్న పెళ్లాన్ని వదిలి ఎక్కడికి పోతాడు? హవల్దారుకు కావలసింది అదే. వెతక్కుండా దొరికిన మనిషి.

“రెండు దినాల్ల వస్త,” అని హుంగా తడిక అవతలి నుంచి అరిచాడు. అతను బరువెత్తుకుని పొలిమేర రాయి దాటాడో లేదో పాకలో పిల్లవాడు కేరుమన్నాడు.

గూడెం పూజారిని వడ్డె అంటారు. అప్పటి వడ్డె పొజ్జా. సాయంత్రానికి అడవి నుంచి తిరిగొచ్చి, ఎవరు వచ్చారని అడిగి, పద్ధతి ప్రకారం పిల్లవాడికి హవల్దార్ అని పేరు పెట్టాడు. దానికి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. పదహారు రోజులకు కబురొచ్చింది. కోంట దారిలో నెత్తిన పెట్టె ఉండగానే హుంగా కూలబడి ప్రాణం వదిలాడట. దారి పక్కన ఎక్కడో పూడ్చారట. ఎక్కడో ఎవరికీ గుర్తు లేదు.

శవం ఇంటికి రాకపోతే ఆ మనిషికి ఊళ్లో పోయినవాళ్ల రాళ్ల దగ్గర రాయి పాతరు. రాయి లేనివాడు దారిలోనే ఉండిపోతాడు. మహా వస్తే పొలిమేర దాకా వస్తాడు. లోపలికి రావాలంటే ఒక్కటే దారి, అతని రక్తంలో పుట్టిన మగపిల్లవాడికి అతని పేరు పెట్టాలి. మాసే పసివాణ్ణి ఎత్తుకుని పొజ్జా దగ్గరికి పరిగెత్తింది.

“పేరు మార్చు మామా. నా మొగణ్ణి తోలుకపోయినోని పేరు నా కొడుకుకు ఎందుకు? ఈనికి ఈని అయ్య పేరు పెట్టు,” అంది.

“పెట్టిన పేరు ఉత్తగ తియ్యరాదు, మాసే,” అన్నాడు పొజ్జా. “పేరు పడకపోతే తీస్తం. పిలగానికి జరమొస్తది, పాలు తాగడు, కండ పట్టడు. అప్పుడు తెలుస్తది పేరు పడలేదని. అప్పుడు తీసుకరా.”

మాసే ఎదురుచూసింది. కన్నకొడుకుకు జ్వరం రావాలని ఎదురుచూసిన తల్లి ఈ లోకంలో ఇంకొకతె ఉంటుందా? తెల్లారి లేస్తూనే వాడి నుదురు తడిమేది. చల్లగా ఉంటే ప్రతి తల్లీ ఊపిరి పీల్చుకుంటుంది. మాసే నీరుగారిపోయేది. నీరుగారినందుకు తన్ను తానే తిట్టుకుని, ఆ పాపం పోవాలని వాడికి ఇంకో గరిటె జావ పోసేది. వాడేమో పోసిన ప్రతి గరిటా తాగి కంబంలా పెరిగాడు. వాడి ఆరో ఏట ఊళ్లోకి అమ్మతల్లి వచ్చి ఆరుగురు పిల్లల్ని తీసుకుపోయింది. వాడి ఒంటి మీద ఒక్క పొక్కు లేవలేదు. ఆ పేరు వాడికి పడింది, అంతకంటే ఏం చెప్పాలి!

ఊరంతా హవల్దార్ అని పిలిచింది. మాసే ఒక్కతే ఆ పేరు నోట పలకలేదు. బిడ్డా అంది, పిలగా అంది, కోపమొస్తే ఒరేయ్ అంది. వాడు అడవిలో తప్పిపోయిన రోజు కూడా చెట్టుచెట్టుకీ తిరిగి “కొడకా, కొడకా” అని గొంతు పోయేలా అరిచిందే గాని ఆ పేరు అనలేదు. వాడికి ఊహ తెలిశాక ఇది ముల్లులా గుచ్చుకునేది. ఒకసారి అడిగాడు కూడా.

“అందరు పిలుత్తరు గద అవ్వా. నువ్వెందుకు పిలువవు?”

“ఆ పేరు పిలిత్తే నాకు నువ్వు కనపడవు బిడ్డా. ఆడు కనపడతడు,” అంది మాసే. మళ్లీ అతను అడగలేదు.

అతనికి అర్థమైంది ఒకటే. ఈ ఇంట్లో తన వల్ల ఒక ఖాళీ ఏర్పడింది. తండ్రి రావలసిన చోట తను ఇంకొకడి పేరుతో కూర్చున్నాడు. ఊరి కుక్కలు ఏమీ లేకుండానే పొలిమేర వైపు తిరిగి మొరిగితే తల్లి చేస్తున్న పని ఆపి అటు చూసేది. “వచ్చి నిలబడ్డడు. పిలిచేటోడు లేక నిలబడ్డడు,” అని గొణిగేది. మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు కాబట్టి అంతకంటే ఎక్కువ అనేది కాదు. హవల్దార్ పెద్దవాడైన కొద్దీ అతని మనసులో ఒక మాట గట్టిపడింది. తనకు కొడుకు పుట్టాలి. ఆ రోజు ఊళ్లోకి పురుగు కూడా రాకూడదు. కొడుకుకు హుంగా అని పేరు పెట్టాలి. అవ్వ కళ్ల ముందే అయ్య ఇంట్లోకి రావాలి.

లక్కేను పెళ్లాడాడు. నాలుగేళ్లు కడుపు పండలేదు. ఐదో ఏట, ఇప్పపువ్వు రాలడం అయిపోయి ఎండలు ముదిరాక, ఒక పొద్దున లక్కే నడుము పట్టుకుని పురిటి పాకలోకి వెళ్లింది. హవల్దార్ గొడ్డలి తీసుకుని నేరుగా పొలిమేర రాయి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. 

మొదట వచ్చింది ఉప్పు బుట్టతో రామక్క, గోదారి దిక్కు నుంచి వారానికొకసారి వచ్చే తెలుగావిడ. ఆమెకు ఎదురెళ్లి చేతులు అడ్డం పెట్టాడు.

“ఇయ్యాల రాకు, రామక్కా. నీ కాళ్లు మొక్కుత. రేపు రా, బుట్టంత ఉప్పు మేమే తీసుకుంటం.”

సంగతి విని రామక్క పకపకా నవ్వింది. “నా పేరు అంత చేదయిందార? నీకు బిడ్డ పుడితే రామక్కని పెట్టుకుంటే ఏంది? ఉప్పుకు తక్కువ లేకుండ బతుకుతది,” అని బుట్ట నెత్తినెత్తుకుని వెనక్కి తిరిగింది. మంచి మనిషి.

నడిపొద్దుకు అడవిలో నుంచి ఊరివాళ్లు ఒకళ్ల వెనక ఒకళ్లు ఉరుకుతూ వచ్చారు. తహసీల్దారు దౌరా మీద వస్తున్నాడట, దోర్నపాల్ నుంచి వచ్చి భోపాల్‌పట్నం వైపు పోతున్నాడట, వెంట సిపాయిలున్నారట, సామాను మోయడానికి మనుషుల్ని పడుతున్నారట. కూలి అన్న మాట ఆ పనికి లేదు, బేగారి అంటారు. పట్టుకుంటే మోయాలి, దించమన్నచోట దించాలి. ఘడియలో గూడెం ఖాళీ అయింది. పొజ్జా ముసలి కాళ్లతోనే అందరికంటే ముందు పోయాడు. మిగిలింది పాకలో లక్కే, మంత్రసాని, మాసే. రాయి దగ్గర హవల్దార్.

అతను పాక దగ్గరికి వచ్చి తడిక అవతలి నుంచి తల్లిని పిలిచాడు.

“అవ్వా, దొరలు వస్తున్నరు. రాయి దాటనియ్య. నేను ఎదురు పొయ్యి మలుపుత. మనుషులే గద వాళ్లకు కావాల్సింది, నేను పోత.”

మాసే బయటికొచ్చింది. చేతులకు నూనె ఉంది.

“మీ అయ్య గూడ రెండు దినాలే అన్నడు, బిడ్డా.”

“అయ్యను తెచ్చెటందుకే పోతున్ననవ్వా. పిలగాడు పుడితే పేరు మరువకు.”

అని, ఇంక వెనక్కి చూడకుండా, రాయి దాటి అరకోసు దూరం ఎదురు నడిచాడు. తండ్రిని ఏ పని చంపిందో ఆ పనికి తనంతట తను నడిచి వెళ్లాడు. భయం వెయ్యలేదా అంటే, వేసింది. చెమటతో గొడ్డలి పిడి జారిపోతుంటే దాన్ని చెట్టుకు కొట్టి అక్కడే వదిలేశాడు.

తహసీల్దారు గుర్రం మీద ఉన్నాడు. మోసుకొచ్చిన వాళ్లు అప్పటికే నాలుక బయటపెట్టి ఉన్నారు. సిపాయిలు హవల్దార్‌ను చూసి లాఠీలు ఎత్తారు, పారిపోతాడనుకుని. అతను చేతులు జోడించి నిలబడ్డాడు. తహసీల్దారు వెంట భూషణం అనే గుమాస్తా ఉన్నాడు, భోపాల్‌పట్నం మనిషి, ఇటు మాటలూ అటు మాటలూ తెలిసినవాడు. అతనే అడిగాడు.

“ఎవర్రా నువ్వు? ఊరు ఇంకెంత దూరం?”

“ఊళ్లకు పోకుర్రి దొరా. అమ్మతల్లి వచ్చింది. ఇంటింటికి ఒకలు పండుకున్నరు. నేనొక్కణ్ణే బాగున్న. నేను మోస్త, నన్ను తోలుకపోర్రి.”

అమ్మతల్లి అనగానే గుర్రం మీది దొర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఊరు చుట్టి పోయే అడ్డదారి పట్టమని సైగ చేశాడు. భూషణం మాత్రం అతని వైపు వింతగా చూశాడు. పన్నెండేళ్ల నౌకరీలో బేగారికి ఎదురొచ్చిన మనిషిని ఇప్పుడే చూడటం.

“పేరేంది?”

“హవల్దార్.”

ఇంకేముంది! సిపాయిలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడు బూట్లు టప్పున కొట్టి సలాం చేశాడు. “హవల్దార్ సాబ్, హుకుం!” అంటూనే ఇనపపట్టీల పెట్టె ఎత్తి అతని నెత్తిన పెట్టాడు. ఆ తర్వాత ప్రతి మజిలీలోనూ ఆ సలాం తప్పలేదు. వాళ్లకు దారిలో వేరే వినోదం లేదు మరి.

పద్ధతి ప్రకారం బేగారివాణ్ణి తరవాతి ఊళ్లో విడిచిపెట్టాలి. అక్కడివాళ్లు బరువు అందుకోవాలి. తరవాతి ఊళ్లో ఒక మనిషి దొరికాడు, సోమారు అని. కుంటుతూ ఆలస్యంగా పారిపోతూ దొరికిపోయాడు. అతనికి కావడి ఎత్తారు గాని హవల్దార్‌ను విడవలేదు. ఆ తరవాతి ఊళ్లో పొయ్యిలు వెచ్చగా ఉన్నాయి, మనిషి లేడు. ఆ తరవాతిది కూడా అంతే. కబురు గుర్రం కంటే ముందు పరిగెడుతోంది. ఎవర్ని తప్పుపట్టాలి? పారిపోయినవాడు తన ప్రాణం దక్కించుకున్నాడు. వాడి బరువు కూడా ముందే చిక్కినవాడి నెత్తిన పడింది. రాజ్యాన్ని తిట్టడానికి ధైర్యం లేనివాళ్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకునేది ఇలాంటి చోటే.

రెండు రోజులు నాలుగయ్యాయి. నాలుగు ఏడయ్యాయి. నడుస్తున్నంతసేపూ అతని మనసులో ఒకటే ఆరాటం. పుట్టాడా? కొడుకేనా? పేరు పెట్టారా? ఒక మధ్యాహ్నం వాగు ఒడ్డున ఆగినప్పుడు భూషణం చుట్ట వెలిగించుకుని అతన్ని పక్కన కూర్చోమన్నాడు.

“నీ పేరుకు అర్థం ఎరుకనార నీకు?”

“పోలీసోడు గద గుమాస్తా.”

“అది ఇప్పటి సంగతి. హవాలా అంటే అప్పగింత, అరబ్బీ మాట. దార్ అంటే చేతిల ఉంచుకున్నోడు, అది పార్సీ. మా నాయిన నిజాం కచేరీల పనిజేసిండు, ఆయన చెప్పిండు నాకు. ఎవడికన్న నమ్మి ఏదన్న అప్పజెప్తే, దాన్ని కాసేటోడే హవల్దారు. మరాఠోళ్ల జమానల ఒక్కొక్క కోటకు ఒక్కొక్క హవల్దారు. కోట మొత్తం ఆని చేతిలనే, తాళాలు ఆనియే. తెల్లోళ్ల పటాలాలు వచ్చినంక ఏమైంది? పదిమంది సిపాయిల మీద పెత్తనం, చేతికి మూడు చారలు. ఇగ మన రాజ్యంల ఎట్లున్నదో నువ్వు చూసినవ్.”

చూశాడు కదా. మాటలకు కూడా మనుషుల్లాగే ఉద్యోగం దిగిపోతుంది. కోట తాళాల దగ్గర మొదలైన మాట, దిగి దిగి గూడేల్లో కోళ్లూ మనుషులూ పట్టేవాడి దాకా వచ్చింది. అక్కడి నుంచి ఇంకా దిగి ఒక దొర్ల పిల్లవాడి మీద పడింది.

“మరి నాకు ఎవరు ఏం అప్పజెప్పిర్రు గుమాస్తా?” అని అడిగాడు హవల్దార్. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు.

భూషణం చుట్ట పొగ వదిలి పక్కనున్న ఇనపపట్టీల పెట్టె చూపించాడు. తన హాస్యానికి తనే నవ్వాడు. తర్వాత ఎందుకో సిగ్గుపడ్డట్టు, తన మూటలోంచి పిడికెడు అటుకులు తీసి ఇచ్చాడు. చదువుకున్నవాళ్ల జాలి అంతవరకే వస్తుంది. 

తొమ్మిదో రోజున, చింతవాగు దాటే ముందు, హవల్దార్‌కు జ్వరం వచ్చింది. పుట్టి ఇరవై ఎనిమిదేళ్లలో మొదటి జ్వరం. తల్లి ఏ జ్వరం కోసం ఎదురుచూసిందో అది ఇంటికి రాక, అడవిలో వచ్చింది. పళ్లు టకటక కొట్టుకుంటుంటే పెట్టె దింపి ఇసకలో పడ్డాడు. సిపాయి బూటుతో పొడిచి చూశాడు, లేవలేదు. దొరకు పొద్దు పోతోంది. పెట్టె ఇంకొకడి నెత్తికెక్కింది, దండు వాగు దాటింది. ఆ గొడవలో సోమారు కావడి వదిలేసి పొదల్లోకి దూరాడు. పోతూపోతూ హవల్దార్ దగ్గర వంగి చూశాడు. కళ్లు తేలేసి ఉన్నాయి. పిలిచాడు, పలకలేదు. దండు వినపడేంత దూరంలోనే ఉంది, ఇంక ఆగితే తనను పడతారు. సోమారు ఇంటి దారి పట్టాడు.

హవల్దార్ చావలేదు. కాశయ్య అనే తెలుగు పాలేరు ఎడ్లకు నీళ్లు పెట్టడానికి వాగుకు వచ్చి అతన్ని చూశాడు. భుజాన వేసుకుని తన గుడిసెకు తీసుకెళ్లాడు. కాశయ్యా, అతని పెళ్లామూ జావ పోసి, కషాయం పోసి నిలబెట్టారు. నిలబడేసరికి వానలు దిగాయి. వాగులు ఒడ్డులు ఒరుసుకుని పారాయి. మనిషి దాటే దారి లేదు. ఊరికే తినలేక కాశయ్యతో పాటు నాట్లు వేశాడు. వేస్తూ నెల గడిపాడు, ఇంకో నెల గడిపాడు. “నాకు కొడుకు పుట్టిండు,” అని కాశయ్యతో చెప్పేవాడు. “ఆని పేరు హుంగా. మా అయ్య.” తెలిసినట్టే చెప్పేవాడు. చెప్పి చెప్పి అది నిజమే అయిపోయింది అతనికి.

వాగులు తగ్గగానే బయల్దేరాడు. ఐదు రోజులు నడిచి ఒక ఉదయం పొలిమేర రాయి దాటాడు. కాళ్లు పుళ్లు పడ్డాయి, ఒంట్లో రక్తం లేదు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. తన ఇంటి తడిక కనపడింది. ఆ తడిక వెనక నుంచి తల్లి గొంతు.

“హవల్దార్! ఓరి హవల్దార్!”

అతను నిలబడిపోయాడు. జన్మలో మొదటిసారి. అవ్వ నోట తన పేరు! ఎంత మెత్తగా ఉంది! ఇన్ని నెలల బెంగ ఆమె నోరు తెరిపించిందనుకున్నాడు. తను దూరం నుంచి కనపడ్డాడనుకున్నాడు. కుంటికాళ్లతోనే ఉరికాడు.

“ఓ! వస్తున్ననవ్వా!”

మాసే వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్ల మీద పసివాడు బోర్లా పడుకుని ఉన్నాడు. ఆమె వాడి వీపు మీద నీళ్లు పోస్తూ తలెత్తింది. కొడుకును చూసింది. అరవలేదు, లేవలేదు. పోస్తున్న నీళ్లు ఆగిపోయాయి. గుమ్మంలోకి లక్కే వచ్చింది. ఆమె మెడలో పూసలు లేవు. మొగుడు పోయిన ఆడవాళ్లు తీసేసే పూసలు.

మాసే అడిగింది. “బతికున్నవా, కొడకా?”

“ఉన్ననవ్వా. నువ్వు నన్ను పేరు వెట్టి పిలిచినవ్.”

మాసే తల అడ్డంగా ఊపింది. ఒళ్లో పసివాణ్ణి చూపించింది. “ఈణ్ణి పిలిచిన.”

సోమారు కబురు తెచ్చాడట. ఇసకలో చచ్చి పడి ఉండగా చూశానన్నాడట. విత్తనాల పండగ దగ్గరపడింది. పేరు లేని పిల్ల ఊళ్లో ఉంటే విత్తనం చల్లకూడదు. పొజ్జా ఆకుదొప్పలో నీళ్లు పోసి, రెండు బియ్యపు గింజలు వేసి, మాసే ముందు పెట్టాడు. పోయినవాళ్ల పేరు పిలవాలి. ఏ పేరుకు గింజలు రెండూ కలుస్తాయో వాడు వచ్చినట్టు. మీ ఇంటి మగవాళ్లు ఇద్దరు దారిలో ఉన్నారు, పిల్లవాడు ఒక్కడే, ఎవర్ని పిలుస్తావని అడిగాడు. ఈ ఒక్క పిలుపుకు మొగుడి పేరు పలికినా తప్పు లేదన్నాడు.

“నేను నిన్ను పిలిచిన బిడ్డా,” అంది మాసే. “నోరు దెరిచి పిలిచిన. పిలవంగనే గింజలు కలిసినై.”

హవల్దార్ తడికకు ఆనుకున్నాడు.

“అయ్య కోసం గద అవ్వా నేను పోయింది! అయ్యను ఎందుకు పిలువలేదు?”

“మీ అయ్యకు ఇరవై ఎనిమిదేండ్లాయె బయట నిలవడి. ఎండ అలవాటైంది, వాన అలవాటైంది. నువ్వు కొత్తగ పోయినోడివి. వానల్ల దారిల నిలవడ్డవనుకున్న. ఎట్ల ఊకుంటర బిడ్డా, ఎట్ల ఊకుంట?” అని మాసే అప్పుడు ఏడ్చింది.

ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. అసలు ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక కడుపులోనే ఉండిపోయింది ఆ మంట, చివరిదాకా.

పొజ్జా వచ్చాడు. ఊరు వచ్చింది. వచ్చినవాడు దయ్యం కాదని కాళ్లు చూసి, గిల్లి, తేల్చుకున్నారు. ఇక పేరు సంగతి. పేరు ఒక్కటి, మనుషులు ఇద్దరు. ఒకే ఇంట్లో ఇద్దరు ఒక పేరుతో బతకకూడదు, ఒకరు పోతారు. పిల్లవాడి నుంచి తీసేస్తే? గింజలు కలిశాక తీస్తే వాణ్ణి చావమని చెప్పినట్టే. మరి గింజలు తప్పు చెప్పాయా అని లక్కే మెల్లగా అడిగింది. పొజ్జా ముఖం మాడిపోయింది. గింజలు ఎన్నడూ తప్పు చెప్పవన్నాడు. అంటే హవల్దార్ చచ్చిపోయి వచ్చినట్టే లెక్క. బతికున్న మనిషిని కాదనడం వడ్డెకు గింజల్ని కాదనడం కంటే తేలిక.

“మరి నన్నేమని పిలుత్తరు?” అని అడిగాడు అతను.

పెద్దవాడికి పేరు పెట్టే పద్ధతి వాళ్లకు లేదు. తండ్రి పేరు తనకు పెట్టమంటే, ఆ పేరు పుట్టినవాడికే గాని పెరిగినవాడికి పనికిరాదన్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో అతను ‘పిలగాని అయ్య’. లక్కే మళ్లీ పూసలు కట్టుకుంది. ఆమెకు మళ్లీ కాన్పు కాలేదు. హుంగా ఊళ్లోకి రాలేదు.

మాసే మాత్రం ఇరవై ఎనిమిదేళ్ల మూగనోము తీర్చుకుంటున్నట్టు మనవణ్ణి రోజుకు వందసార్లు పిలిచేది. హవల్దార్, జావ తాగు. హవల్దార్, ఎండలోకి పోకు. హవల్దార్, నా బంగారం. ఇంటి వెనక కట్టెలు కొడుతున్న మనిషి ఆ పిలుపు విన్నప్పుడల్లా గొడ్డలి ఆపి, నోటి దాకా వచ్చిన ‘ఓ’ను మింగేవాడు. పలికితే పిల్లవాడికి కీడని వడ్డె చెప్పాడు. మొదటి ఏడాది చాలా కష్టమైంది. తర్వాత తల కూడా తిప్పడం మానేశాడు.